ఆరు అతుకులు

ఆఫీసులో ఆమెను అందరూ పక్షి అంటారు. అనుమానప్పక్షికి అది పొట్టిపేరు. ఎవరైనా "అబ్బ, ఎండ మండిపోతోంది" అంటే "ఎన్ని డిగ్రీలు?" అని అడిగే మనిషికి అంతకన్నా తగిన పేరు దొరకదు కూడా. ఆ పేరు పెట్టింది మాస్టారు. పెట్టిన రోజే ఆమెను తన పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నారు కనుక పక్షి దాన్ని బిరుదుగానే తీసుకుంది.

వాళ్లది ఒక వారపత్రికలో నిజనిర్ధారణ విభాగం. విభాగమనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు బల్లలు, ఒక ఫోను, గోడ పొడుగునా ఇనప బీరువాలు. పత్రికలో అచ్చయ్యే ప్రతి వాక్యమూ ముందు ఇక్కడికొచ్చి పరీక్ష పాసవ్వాలి. వెడల్పాటి మార్జిన్లతో ప్రూఫు వస్తుంది. నిజమని చెప్పుకుంటున్న ప్రతి మాట కిందా వీళ్లు గీత గీస్తారు. ఆధారం దొరికాక మాట నెత్తిన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి, మార్జిన్లో ఆధారం నంబరు వేస్తారు. మనుషుల పేర్లయితే మాటకు కాదు, అక్షరానికో టిక్కు. "పేరు తప్పుపడ్డ మనిషికి ఆ సంచిక మొత్తం అబద్ధమేనమ్మా" అంటారు మాస్టారు. ఇక ముఖ్యమైన సంగతైతే ఒక్క ఆధారం చాలదు, రెండు కావాలి. సంపాదకుడు స్వయంగా చెప్పినా సరే, అది ఒకటి కిందే లెక్క.

ఆ సోమవారం పొద్దున పక్షి బల్లమీద రెండు ప్రూఫులున్నాయి. రెండూ శుక్రవారం మధ్యాహ్నం అచ్చుకు వెళ్లేవే. ఒకటి 'మరక' పాట మీద నాలుగు పేజీల వ్యాసం. ఆ రాక్ పాట వచ్చి ఇరవై అయిదేళ్లయింది. దాని వీడియో చూడనివాళ్లు ఆ తరంలో లేరు: ఒక పెద్ద లాండ్రీలో, ఆవిరి పొగల మధ్య, తాళ్లమీద ఆరేసిన దుప్పట్లను తప్పించుకుంటూ గాయకుడు నడుస్తుంటాడు, వెనకే కెమెరా నడుస్తుంటుంది. రెండో ప్రూఫు ఒకే పేజీ. శుక్రవారం రిటైరవుతున్న మాస్టారి మీద సంపాదకుడు రాసినది. "ఆయనకి తెలియకుండా చూడు" అని చెప్పి మరీ ఇచ్చాడు. అందులో మధ్యలో పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: "ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన టిక్కు పెట్టిన మాట ఒక్కటీ తప్పు కాలేదు."

పక్షి దాన్ని సొరుగులో దాచి ముందు పాట పని పట్టింది. పాట నిడివి నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. స్టాప్‌వాచీ పెట్టి చూసి టిక్కు పెట్టింది. మొదట్లో డ్రమ్ము ఒంటరిగా ఎనిమిది దెబ్బలు, విని పెట్టింది. "ముప్ఫై దుప్పట్ల మధ్య" అని రాశాడు వ్యాసకర్త. ఆమె వీడియో ఆపి ఆపి లెక్కపెడితే నలభై రెండు తేలాయి. ముప్ఫై కొట్టేసి నలభై రెండు వేసింది. ఇలాంటప్పుడు ఆమెకు కలిగే ఆనందం బయటికి చెప్పుకునేది కాదు.

తర్వాతి వాక్యం: "నాలుగు నిమిషాల పదకొండు సెకన్లూ ఒకే షాట్. ఎక్కడా కోత లేదు." ఇది అందరికీ తెలిసిందే. ఆ పాట పేరు చెబితే జనం ముందుగా చెప్పే సంగతే అది. పక్షి పెన్సిలు టిక్కు పెట్టడానికి కాగితం దాకా వెళ్లింది. వెళ్లి, పక్కనే వేసిన ఫొటో దగ్గర ఆగింది.

ఫొటోలో షూటింగ్ నాటి కెమెరామన్ ఉన్నాడు. ఒళ్లంతా చెమట, భుజం మీద కెమెరా, కెమెరా నెత్తిన ఫిల్ము పట్టే డబ్బా. ఆ డబ్బా మరీ చిన్నది. కిందటి నెల పాత కెమెరాల మీద వ్యాసం ఒకటి ఆమె చేతిమీదుగా వెళ్లింది. అప్పుడు పరిచయమైన కెమెరా మరమ్మతులాయనకి ఫొటో పంపించి, వెంటనే ఫోన్ చేసింది.

"చూశానమ్మా. ఆ డబ్బా రెండొందల అడుగులది," అన్నాడాయన.

"ఎంతసేపు నడుస్తుందండీ?"

"రెండు నిమిషాల పదమూడు సెకన్లు. ఆ పైన నువ్వెంత బతిమాలినా నడవదు."

"పాట నాలుగు నిమిషాల పైన ఉందండీ."

"అయితే మధ్యలో ఆపి డబ్బా మార్చి ఉంటారు. ఆపకుండా మార్చిన మొనగాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. పక్క బల్ల దగ్గర మాస్టారు తలెత్తకుండానే, "ఏంటమ్మా, గొంతు మారింది?" అన్నారు.

"ఏం లేదు మాస్టారూ, ఏదో డబ్బా గురించి," అంది పక్షి. ఆయన దగ్గర ఏ సంగతీ దాచడం ఆమెకు అలవాటు లేదు. ఎందుకు దాచిందో అప్పటికి ఆమెకూ తెలియదు.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతూ ఆ మాట భర్త చెవిన వేసింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఆ పాట ఆయనకు ప్రాణం. ఇంజను కింద పడుకున్నా అదే కూనిరాగం.

"ఏవండీ, అది ఒకే షాట్ కాదేమో."

ఆయన తుడుస్తున్న పళ్లెం కింద పెట్టాడు. "పెళ్లయిన కొత్తలో దేవుడున్నాడని ఆధారం ఏంటన్నావు. ఊరుకున్నాను. మా అమ్మ వయసు మీద అనుమానం అన్నావు. ఊరుకున్నాను. ఇది మాత్రం ఊరుకోను."

"అత్తయ్య వయసు నిజంగానే రెండేళ్లు తేడా వచ్చింది కదా."

"అది వేరు! ఆ కోత ఎక్కడుందో చూపించు, సగం మీసం తీసేస్తాను."

ఇద్దరూ కూర్చుని నాలుగుసార్లు చూశారు. ఎనిమిది డ్రమ్ము దెబ్బలు, గిటారు అందుకోవడం, ఆవిరి, దుప్పట్లు, "మరకంటే నాదేరా" అంటూ గాయకుడు వెనక్కి తిరగడం. కెమెరా ఊపిరి బిగబట్టుకుని నడిచినట్టుంది. కోత కనబడలేదు. ఆయన మీసం మెలేసుకుంటూ లేచాడు. పక్షికి చిరాకు రావాలి గానీ రాలేదు. కోత ఉందని తెలిసి చూస్తున్నా దొరకడం లేదంటే అది చేసిన చెయ్యి ఎలాంటిదై ఉంటుంది అన్న ఆలోచన ఆమెను పట్టుకుంది.

మంగళవారం ఆధారాలన్నీ ముందేసుకుంది. 'ఒకే షాట్' అని రాసినవి పదకొండు దొరికాయి: దినపత్రికలు, వారపత్రికలు, రెండు పుస్తకాలు, ఒక విజ్ఞాన సర్వస్వం. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఎవరు ఎవర్ని చూసి రాశారో కాగితం మీద బాణాలు వేసుకుంటూ పోయింది. దినపత్రిక పుస్తకాన్ని చూసింది. పుస్తకం విజ్ఞాన సర్వస్వాన్ని చూసింది. విజ్ఞాన సర్వస్వం ఒక పాత వారపత్రికను చూసింది. తీగ లాగితే డొంకంతా కదిలి, బాణాలన్నీ వచ్చి ఒకే చోట ఆగాయి. ఇరవై నాలుగేళ్ల కిందటి తమ పత్రిక సంచికే అది.

పదకొండింటిలో ఒకటి రెండేళ్ల కిందట తమ పత్రికలోనే వచ్చిన చిన్న ముక్క. దాని ప్రూఫు తీసి చూసుకుంది. 'ఒకే షాట్' నెత్తిన టిక్కు ఉంది, తనదే. మార్జిన్లో ఆధారం: "మన పాత సంచిక." మన పత్రికలో వచ్చిందంటే మాస్టారు చూసే ఉంటారు, మాస్టారు చూశారంటే ఇక చూడనక్కర్లేదు అనుకుంది ఆ రోజు. ఆయనమీద గౌరవం కొద్దీ ఆయన నేర్పిన మొదటి పాఠమే మరిచిపోయింది.

మాస్టారు భోజనానికి వెళ్లినప్పుడు బీరువా తెరిచింది. ఇరవై నాలుగేళ్ల కిందటి ప్రూఫు మడతల దగ్గర చిరుగుతోంది. ఆ వాక్యం మీద టిక్కు ఉంది. తోక ఎడమవైపుకి వంగిన మాస్టారి టిక్కు, ఊళ్లో ఇంకెవరూ అలా పెట్టరు. మార్జిన్లో రెండు ఆధారాలు: "దర్శకుడు, ఫోనులో. గాయకుడు, ఫోనులో." నియమం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. కాకపోతే ఆ ఇద్దరూ ఆ మాట వల్ల పేరొచ్చినవాళ్లు.

దర్శకుడికి ఫోన్ చేస్తే ఆయన సహాయకుడు ఎత్తాడు. "సార్ ఎప్పుడో చెప్పేశారు కదండీ. ఒకే షాట్. అదే రాసుకోండి," అని పెట్టేశాడు. గాయకుడు మాత్రం మంచి మూడ్‌లో ఉన్నాడు. సోమవారం లాండ్రీ ఎక్కడిదో కనుక్కోవడానికి ఫోన్ చేసినావిడే అని గుర్తుపట్టాడు.

"నిజం చెప్పమంటారా? ఆ దుప్పట్ల మధ్య పదిహేనుసార్లు నడిచానండీ. కాళ్లు పడిపోయాయి. తర్వాత చూస్తే ఒక్కసారే నడిచినట్టుంది! నాకే అనుమానం వచ్చింది, నేను కలగన్నానా అని."

"మరి అప్పుడు మా పత్రికకి ఒకే షాట్ అని ఎందుకు చెప్పారు?"

"దర్శకుడు అలా చెప్పమన్నాడు. కథ బాగుంది కదా అని చెప్పాను. ఎవర్నీ బాధపెట్టే మాట కాదుగా!"

"ఆ ముక్కల్ని కలిపింది ఎవరండీ?"

"ఎడిటింగ్ గదిలో ఒకావిడ ఉండేదండీ. పేరు... పేరు గుర్తులేదు."

వీడియో చివర వచ్చే పేర్లను పక్షి మళ్లీ చూసింది. దుప్పట్లు అద్దెకిచ్చినాయన పేరుంది. టీలు అందించినాయన పేరుంది. ఎడిటర్ పేరు లేదు. ఒకే షాట్ అన్నాక కోత లేదు, కోత లేనప్పుడు కత్తెరతో పనేముంది? ఆ పేరు ఉంచితే కథ పాడవుతుంది కనుక పేరే తీసేశారు. పక్షికి ఒళ్లు మండింది. కెమెరా మరమ్మతులాయనకి మళ్లీ ఫోన్ చేస్తే ఆయన చప్పున చెప్పాడు: "ఆవిడా? ఫిల్ము భాండాగారంలో చిరిగిన రీళ్లు బాగుచేస్తోందమ్మా. ఆ చేతికి సాటి లేదు."

బుధవారం పక్షి అక్కడికి వెళ్లింది. కిటికీలు లేని చల్లటి గది. వెనిగర్ వాసన. పాత ఫిల్ము పాడవుతుంటే అలాంటి వాసనే వస్తుందట. యాభై దాటిన ఒకావిడ తెల్లటి నూలు గ్లౌజులు వేసుకుని, కింద దీపం వెలుగుతున్న గాజు బల్లముందు కూర్చుని ఉంది. ఎడమచేత్తో రీలు మెల్లగా తిప్పుతూ, కుడిచేతి వేళ్ల మధ్యనుంచి ఫిల్మును పోనిస్తోంది. కళ్లు మాత్రం తలుపు వైపు చూస్తున్నాయి.

"చూడకుండా ఎలాగండీ?" అంది పక్షి, నమస్కారం కూడా మరిచిపోయి.

"చిరుగు వేలికి తగులుతుంది. కంటికంటే వేలే ముందు పసిగడుతుంది," అంటూ ఆవిడ ఆగింది. ఎక్కడో ఒక పన్ను విరిగింది. అంటే ఫిల్ము అంచున వరసగా ఉండే రంధ్రాలలో ఒకటి చిరిగింది. చిన్న దిమ్మె మీద ఫిల్మును పరిచి, గోరంత టేపు అంటించి, గోటితో రెండుసార్లు నొక్కి, దీపానికి ఎత్తి చూసింది. పక్షి కూడా చూసింది. ఎక్కడ బాగుచేసిందో అప్పుడే తెలియలేదు.

'మరక' పేరెత్తగానే ఆవిడ గ్లౌజులు తీసేసింది.

"ఏడు ముక్కలమ్మాయ్, ఆరు అతుకులు. పదిహేను టేకులు నా నెత్తిన పోసి, ఒక్కటిగా చెయ్యమన్నారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మూడు వారాలు ఆ గదిలోనే ఉన్నాను." సొరుగులోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీసింది. "మొదటిది ఇదిగో, దుప్పటి అడ్డమొచ్చినప్పుడు. అందరూ అక్కడే వెతుకుతారని రెండోది దుప్పట్లో పెట్టలేదు. గాయకుడు తల తిప్పే ఊపులో పెట్టాను. మూడోది ఆవిరి. నాలుగోది..." ఆవిడ నవ్వింది. "నాలుగోది నట్టనడుమ, పట్టపగల్లా వెలుతురుండగా పెట్టాను. ఏ అడ్డమూ లేదు. డ్రమ్ము మీద పెద్ద దెబ్బ పడినప్పుడు చూసేవాడు రెప్ప వేస్తాడు. ఆ రెప్పపాటులో కోశాను."

పక్షి రాసుకోవడం ఆపేసింది. నిన్నా మొన్నా ఆ పాటను ఇరవైసార్లు చూసింది. ఇరవైసార్లూ తాను అక్కడ రెప్ప వేసే ఉండాలి.

"మీ పేరు వెయ్యలేదని కోపం రాలేదా అండీ?"

"మంచి అతుకంటే కనబడకూడదు. అందరూ ఒకే షాట్ అంటుంటే లోపల గర్వంగానే ఉండేది. మా నాన్నని తీసుకొచ్చి చూపించాను. చివర పేర్లన్నీ అయ్యేదాకా కూర్చున్నారు. 'ఇందులో నువ్వేం చేశావమ్మా?' అన్నారు." ఆవిడ నోటుపుస్తకం మధ్యలోంచి ఒక కార్డు తీసి బల్లమీద పెట్టింది. "మీ పత్రికలో వచ్చినప్పుడు మాత్రం ఉండబట్టలేక ఉత్తరం రాశాను. ఆరు అతుకుల దగ్గరా ఫిల్ము అంచున ఉండే నంబర్లు రాసి పంపాను. జవాబు ఇదీ."

కార్డు పసుపెక్కింది. "మా విభాగం ఈ సంగతిని రెండు ఆధారాలతో నిర్ధారించుకుంది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు." కింద సంతకం. పక్షికి ఆ సంతకం చదవాల్సిన పని లేకపోయింది.

"ఆసక్తట!" అంది ఆవిడ. నవ్వుతూనే అంది గానీ, కార్డును మళ్లీ తీసిన పేజీలోనే, అంచులు సరిచూసి మరీ పెట్టింది.

ఇంటికొచ్చి ఈ సంగతంతా చెబితే భర్త మళ్లీ పాట పెట్టుకుని చూశాడు. "ఒకే షాట్ కన్నా ఇది గొప్పగా ఉంది కదే," అన్నాడు చివరికి. సగం మీసం సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పక్షికి అన్నం సయించలేదు. ఆవిడ పేరు వెయ్యాలంటే తోక ఎడమవైపుకి వంగిన ఆ టిక్కు తప్పని వెయ్యాలి. ఆయన కుర్చీలోంచి లేచి వెళ్లే రోజున. ఆఫీసులో తన అనుమానాలకు ఒక్కసారి కూడా నవ్వని మనిషి ఆయన.

గురువారం పొద్దున కాగితాలన్నీ మాస్టారి బల్లమీద పెట్టింది: ఫొటో, డబ్బా లెక్క, గాయకుడి మాటలు, బాణాల కాగితం, కార్డు నకలు. వాటితో పాటు సొరుగులోని సన్మానం పేజీ కూడా. అది చూపించకూడదని తెలుసు. కానీ ఆ పేజీలోని వాక్యం కూడా ఆమె టిక్కు పెట్టాల్సినదే కదా.

మాస్టారు మొదటినుంచి చదివారు. ఎప్పట్లాగే ప్రతి మాట కిందా పెన్సిలు మొన ఆనిస్తూ చదివారు. కార్డు దగ్గరికి వచ్చి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇందులో రెండేళ్ల కిందటి టిక్కు నాది మాస్టారూ," అంది పక్షి. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

"దాని సంగతి తర్వాత. చేతిరాత నాదే." ఆయన లేచి, పాఠకుల ఉత్తరాల బీరువా దగ్గరికి వెళ్లారు. పక్షికి ఆ బీరువా తెరవాలని తట్టనే లేదు. ఏ అరో, ఏ కట్టో ఆయన వెతుక్కోలేదు. మూడు నిమిషాల్లో ఉత్తరం చేతిలో ఉంది. నెత్తిన ఆఫీసు వాళ్ల తేదీ ముద్ర, దానికింద ఆయన పెన్సిలు రాత: "జవాబు పంపబడింది." మధ్యలో, పొందికైన అక్షరాలతో ఆరు నంబర్లు.

"ఇది వచ్చాక దర్శకుడికి మళ్లీ ఫోన్ చేశాను," అన్నారాయన. "ఆవిడెవరో గుర్తులేదన్నాడు. పేరున్నవాళ్లు ఇద్దరు, పేరులేని మనిషి ఒకరు. రెండు, ఒకటి అని లెక్కపెట్టుకున్నాను. ఆవిడకి మాత్రం ఫోన్ చెయ్యలేదమ్మా. ఉత్తరంలో ఫోన్ నంబరు ఇచ్చింది కూడా."

తర్వాత ఆయన చేసిన పని పక్షి జన్మలో మరిచిపోలేదు. క్షమాపణలకు కూర్చోలేదు, తల పట్టుకోలేదు. "ఇప్పుడు ఆవిడ మాటకి ఆధారం కావాలి," అన్నారు. "ఈ నంబర్లు నెగెటివ్ అంచున ఉంటాయి. టీవీలో కనబడవు. కోసిన మనిషికి తప్ప తెలిసే వీల్లేదు. నెగెటివ్ ఎక్కడుంది?"

"భాండాగారంలోనే మాస్టారూ. తొమ్మిదేళ్ల కిందట చేరింది."

"ఉత్తరం వచ్చింది ఇరవై నాలుగేళ్ల కిందట. అంటే అక్కడ చూసి రాసింది కాదు. సరే." ఆయన భాండాగారం అధికారికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టారు. "నెగెటివ్ తెప్పించండి. ఆరు అతుకులుంటాయి. ఒక్కోదాని పక్కన ఉన్న అంచు నంబరు చదవండి. ఆ పని మీరే చెయ్యాలి. ఆవిడని మాత్రం గదిలో ఉండనివ్వకండి, ఇదేమీ ఆవిడకి చెప్పకండి."

గంట తర్వాత అధికారి ఫోన్ చేశాడు. మాస్టారు ఉత్తరాన్ని ముందు పరుచుకుని, పెన్సిలు చెక్కుకుని సిద్ధంగా ఉన్నారు. అధికారి మొదటి నంబరు చదివాడు. టిక్కు. రెండోది. టిక్కు. మూడోది. పక్షి ఆయన భుజం వెనక నిలబడి ఒక్కో అంకె చూస్తోంది. నాలుగోది చదివాడు. అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. మాస్టారి పెన్సిలు కదల్లేదు.

"మళ్లీ చదవండి," అన్నారు.

అధికారి మళ్లీ చదివాడు. మాస్టారికి మొదటిసారే సరిగ్గా వినబడిందని పక్షికి తెలుసు. ఆయన కళ్లజోడు అద్దాలు మసకబారాయి, అంతే. కాసేపటికి నాలుగో టిక్కు పడింది. తర్వాత అయిదు, ఆరు. ఆవిడ పేరు కింద గీత గీసి, "పేరు అక్షరం అక్షరం చెప్పండి," అని అధికారిని అడిగి, ఒక్కో అక్షరం మీదా టిక్కు పెట్టారు.

సంపాదకుడు విని కంగారుపడ్డాడు. చెడ్డవాడు కాదు, మాస్టారంటే గౌరవమూ ఉంది. వచ్చిన చిక్కంతా అదే.

"వచ్చే నెల చివరి పేజీలో రెండు లైన్ల సవరణ వేద్దాం మాస్టారూ. రేపు మీ పేజీ వస్తోంది, ఇప్పుడే ఎందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ! ఆవిడే ఇన్నాళ్లూ ఊరుకుంది."

"ఆవిడ ఊరుకోలేదండీ. ఉత్తరం రాసింది. ఊరుకున్నది మనం." మాస్టారు సన్మానం పేజీని తన ముందుకు లాక్కున్నారు. "ఇది నా పేజీ అన్నారు కదా?"

"మీదే."

"అయితే ఇందులో ఏం వెయ్యాలో నన్నడగాలి." పేజీ మొత్తం మీద అడ్డంగా ఒక్క గీత గీశారు. తనను పొగిడిన నాలుగు పేరాలూ, పెద్ద అక్షరాల వాక్యమూ, ఫొటోతో సహా పోయాయి. "ఇక్కడ ఆవిడ గురించి వెయ్యండి. రాసేది పక్షి. చూసేది నేను. నా తప్పు కూడా ఇందులోనే ఉండాలి, తేదీతో సహా."

సంపాదకుడు పక్షి వైపు చూశాడు. పక్షి అప్పటికే కాగితం తీసింది. అయిదు సార్లు రాసింది. నాలుగు సార్లు మాస్టారు వెనక్కి ఇచ్చారు. "మూడు వారాలు అని ఆవిడ చెప్పిందా, నువ్వు అనుకున్నావా?" అని ఒకసారి. "'అద్భుతం' అన్నావు, ఇక్కడ ఆధారం ఏంటి?" అని ఇంకోసారి. ఆమె అద్భుతం కొట్టేసి, నాలుగో అతుకు ఎక్కడుందో, ఎలా కోసిందో ఉన్నదున్నట్టు రాసింది. అది చదివి ఆయన ప్రతి మాట నెత్తినా టిక్కు పెట్టారు. ఆవిడ తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబే పేజీకి పేరయింది: "ఇందులో ఆమె చేసింది."

'మరక' వ్యాసంలో 'ఒకే షాట్' వాక్యం కొట్టేశాక, శుక్రవారం మధ్యాహ్నం పేజీలు అచ్చుకు వెళ్లాయి. పైన హాల్లో వీడ్కోలు సభకు కుర్చీలు వేస్తున్నారు. మాస్టారు చొక్కా జేబులో ఏదో పెట్టుకుని, "గంటలో వచ్చేస్తామని చెప్పు," అని పక్షిని వెంటబెట్టుకుని బయల్దేరారు.

ఆ చల్లటి గదిలో ఆవిడ ఎప్పట్లాగే గాజు బల్లముందు ఉంది. పక్షి పరిచయం చెయ్యబోతే మాస్టారు చెయ్యి అడ్డుపెట్టి, తానే చెప్పుకున్నారు: "ఆ కార్డు రాసింది నేనేనమ్మా." జేబులోంచి ఇంకో కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చారు. అదే సైజు, అదే విభాగం ముద్ర.

ఆవిడ గ్లౌజు చేతులతోనే పట్టుకుని చదివింది. "ఇరవై నాలుగేళ్ల కిందట మీరు రాసిన ఉత్తరం అందింది. అందులోని ఆరు నంబర్లూ సరిపోయాయి. మీరు రాసింది నిజం. నేను రాసింది తప్పు. ఆలస్యానికి కారణం నేనే." ఒకసారి చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది. పాత కార్డు పక్కనే దాన్ని నోటుపుస్తకంలో పెట్టి, పుస్తకం మీద కాసేపు చెయ్యి ఉంచింది. తర్వాత లేచి, ఇద్దరికీ స్టూళ్లు జరిపి, అలమారలోంచి ఒక రీలు తెచ్చి చూసే యంత్రానికి ఎక్కించింది.

"కూర్చోండి. నంబర్లు చూశారు. పని చూళ్లేదు కదా."

రెండు అరచేతులంత తెర వెలిగింది. ఎనిమిది డ్రమ్ము దెబ్బలు. మాస్టారు ముందుకు వంగి, ఒక చేతిలో ఉత్తరం నకలు పట్టుకుని, రెండో చేతి బొటనవేలు కణుపుల మీద ఆనించి లెక్కకు సిద్ధంగా ఉన్నారు. దుప్పట్లు వచ్చాయి, పోయాయి. గాయకుడు తల తిప్పాడు. ఆవిరి వచ్చింది, పోయింది. పెద్ద దెబ్బ పడింది. పక్షి ఈసారి పంతం పట్టి కళ్లు విప్పి ఉంచాలనుకుంది గానీ రెప్ప పడనే పడింది. పాట అయిపోయింది. మాస్టారి బొటనవేలు మొదటి కణుపు మీదే ఉంది.

"ఒకే షాట్‌లా ఉందమ్మా!" అని, మరుక్షణం నాలిక్కరుచుకున్నారు.

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి గదిలో ఇనప డబ్బాలు కూడా మోగాయి. మాస్టారు కూడా నవ్వబోయి, నవ్వలేక, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆఫీసులో సభ మొదలై ఉంటుందని, అందరూ ఎదురుచూస్తుంటారని పక్షికి గుర్తొచ్చింది. చెప్పబోయి ఆగింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "ఇంకోసారి వెయ్యండమ్మా," అన్నారు.

ఆవిడ ఎడమచేత్తో రీలు వెనక్కి తిప్పసాగింది.